బామ్మర్ది షాపులో బ్యాటరీల డ్రాయరు: ప్రాజెక్టు డైరీ

ఉగాది వెళ్లిన ఆదివారం: డ్రాయరు ఖాళీ

నరసరావుపేటలో మా బామ్మర్దికి మొబైల్ రిపేరు షాపు ఉంది. పైన రేకులు, ముందు గాజు కౌంటరు, వెనక పనిబల్ల. ఆ బల్లకున్న డ్రాయర్లలో ఒకటి అచ్చంగా పాత బ్యాటరీలకే. మార్చిన ప్రతి బ్యాటరీ అందులోకే పోతుంది. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి బావా" అంటాడు. నాది ఇన్వర్టర్ల సర్వీసు పని. రోజూ బ్యాటరీల మధ్యే తిరిగేవాణ్ని కాబట్టి వాటంటే భయం లేదు గానీ, ఆ డ్రాయరు తెరిచినప్పుడల్లా మాత్రం టెన్షనే. ఎండలు ముదరకముందే దాని సంగతి తేల్చుదామని వాణ్ని ఒప్పించాను. ఆదివారం షాపు మూసే ఉంటుంది, అదే మా పనిదినం.

అనుకున్న పని ఇదీ. ఉన్నవాటిని వేరు చేయాలి. ఉంచుకునేవాటికి ఒక చోటు, పారేసేవాటికి ఇంకో చోటు చూడాలి. ఉబ్బిన బ్యాటరీతో ఫోన్ వస్తే దాన్ని ఎలా తీయాలో ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఇవాళ డ్రాయరు ఖాళీ చేయడంతోనే పొద్దు గడిచింది.

కీప్యాడ్ ఫోన్ల బీఎల్-5సీ సైజు బ్యాటరీలు, ఫ్లెక్సు అనే సన్నటి రిబ్బను తీగ తోకతో సహా స్మార్ట్‌ఫోన్ల పౌచ్ బ్యాటరీలు (మెత్తటి రేకు సంచిలో ఉండేవి), ఎవరో వదిలేసిపోయిన ట్యాబ్లెట్‌ది ఒకటి. వాటి సందుల్లో స్క్రూలు, సిమ్ ట్రేలు, విరిగిన ట్వీజరు, చిల్లర నాణేలు. బ్యాటరీల కంటే ఈ చిల్లర సామానే నన్ను ఎక్కువ భయపెట్టింది. బీఎల్-5సీ రకానికి ప్లస్సు, మైనస్సు రెండూ ఒకే అంచున, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక స్క్రూ అడ్డం పడితే షార్టే. లోపలున్న ప్రొటెక్షన్ బోర్డు కరెంటును కోసేయాలి, నిజమే. కానీ పాత బ్యాటరీలో ఆ బోర్డు ఇంకా పనిచేస్తోందో లేదో పైనుంచి ఎలా తెలుస్తుంది?

అందుకే డ్రాయరు వంచి బల్ల మీద కుమ్మరించనివ్వలేదు. ముందు ప్లాస్టిక్ ట్వీజరుతో లోహపు ముక్కలన్నీ ఏరాం. తర్వాత ఒక్కో బ్యాటరీ బయటికి తీసి, తీసినదానికి తీసినట్టే కాంటాక్టుల మీద టేపు వేశాం. మొదట నల్ల ఇన్సులేషన్ టేపు అనుకున్నాం గానీ మా ఎండలకు దాని జిగురు కరిగి టేపు జారిపోతుంది. షాపులో హీట్ టేపు అని వాడే బంగారు రంగు కాప్టాన్ టేపే నిలుస్తుంది. పౌచ్ బ్యాటరీలకు ఫ్లెక్సు చివర ఉండే చిన్న కనెక్టరును చాలామంది మర్చిపోతారు. అందులోనూ ప్లస్సు మైనస్సు తెరిచే ఉంటాయి. దాన్నీ టేపుతో చుట్టి, ఫ్లెక్సును విరక్కుండా బ్యాటరీ మీదికే మడిచాం.

ఉబ్బినవాటిని మీటరు దాకా రానివ్వలేదు. బయట మెట్ల పక్క నీడలో, నాపరాయి మీద దూరదూరంగా పెట్టించాను.

ఆ తర్వాతి ఆదివారం: మీటరు చెప్పే మాట

మీటరు ప్రోబ్‌లకు హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, కొన మిల్లీమీటరు మేర మాత్రమే బయటికి ఉంచాను. ఇంత చిన్న కాంటాక్టుల దగ్గర మామూలు ప్రోబ్ కాస్త జారితే రెంటికీ తగులుతుంది. ఇన్వర్టర్ పనిలో ఈ అవసరం ఎప్పుడూ రాలేదు, ఇక్కడ మాత్రం తప్పదు.

వోల్టేజీ చూసేముందు లేబుల్ చదవమని బామ్మర్దికి చెప్పాను. వాడికి "3.7 బ్యాటరీ" అనడం అలవాటు. అది సగటు లెక్క. పాత కీప్యాడ్ రకం నిండుగా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. ఇప్పటి స్మార్ట్‌ఫోన్ బ్యాటరీలు చాలావరకు 3.85 ప్రాంతంలో రాసి ఉంటాయి, నిండితే 4.4 దాకా, కొన్ని ఇంకాస్త పైకి పోతాయి. లేబుల్ మీద లిమిటెడ్ ఛార్జ్ వోల్టేజ్ అని విడిగా ఉంటుంది. 4.2 రకానికి 4.4 పెట్టడమంటే దాన్ని చేజేతులా పాడు చేయడమే. ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్లవి కొన్నింట్లో రెండు సెల్లులు వరసగా ఉంటాయి, వాటికి మీటరు 7, 8 వోల్టులు చూపిస్తుంది. అది చూసి కంగారు పడాల్సిన పని లేదు. సింగిల్ సెల్ ఛార్జరు మాత్రం వాటికి తగిలించకూడదు.

వేరు చేయడానికి పెట్టుకున్న గీతలు ఇవి. 3 వోల్టుల పైన ఉన్నది ఉంచి చూద్దాం. 2.5కీ 3కీ మధ్య ఉన్నదాన్ని, మొదట చిన్న కరెంటుతో మొదలుపెట్టే సరైన ఛార్జరు మీదే, మనిషి పక్కన ఉండగా ఛార్జ్ చేసి చూడాలి. 2.5 కంటే కిందికి పడిపోయి ఎన్నాళ్లుగా అలా పడుందో తెలియనిది తిన్నగా పారేసే కుప్పలోకి. కంపెనీని బట్టి ఈ అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి, కానీ షాపులో ప్రతిదానికీ డేటాషీట్ వెతుక్కుంటూ కూర్చోలేం కదా.

చాలా బ్యాటరీలకు మీటరు సున్నా చూపించింది. సున్నాకు రెండు అర్థాలు. సెల్లులో ఛార్జ్ ఉన్నా ప్రొటెక్షన్ బోర్డు కట్ చేసి ఉండొచ్చు, లేదా సెల్లే చచ్చి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే పౌచ్ పైఅంచున టేపు కొద్దిగా లేపి, బోర్డుకు ముందే, సెల్లు నుంచి వచ్చే రెండు ట్యాబుల దగ్గర చూడాలి. అక్కడ జారితే ఆపడానికి బోర్డు కూడా ఉండదు. ఆ పని నేనే చేశాను, వాణ్ని చేయనివ్వలేదు. కొన్నింటికి అక్కడ 2.2, 1.8 అంటూ వచ్చింది, కొన్నింటికి ఒక వోల్టు కూడా లేదు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది.

"బూస్ట్ ఇస్తే లేస్తుంది బావా, చూడు" అంటూ డీసీ మిషన్ వైర్లు అందుకున్నాడు. బూస్ట్ అంటే ఆ మిషన్ నుంచి తిన్నగా బ్యాటరీకి కరెంటు ఎక్కించి లేపడం.

"లేస్తుంది. లేచాక ఏం చేస్తావు?"

"ఎవరైనా తక్కువలో అడిగితే వేసిస్తా. ఇంకో ఆర్నెల్లు లాగిస్తారు."

"ఆ ఆర్నెల్లూ అది వాళ్ల జేబులో ఉంటుంది. నీ బల్ల మీద కాదు."

వైర్లు వదల్లేదు గానీ మిషన్ మాత్రం ఆన్ చేయలేదు. కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశాను. సెల్లులో ఒకవైపు అల్యూమినియం రేకు, దాని మీద లిథియం కోబాల్ట్ ఆక్సైడు పూత. ఇంకోవైపు రాగి రేకు, దాని మీద గ్రాఫైటు. రెంటి మధ్య సెపరేటరు అనే ప్లాస్టిక్ పొర, మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. వోల్టేజీ మరీ కిందికి పడిపోయి అలాగే ఉండిపోతే రాగి రేకు నుంచి రాగి కరిగి సెల్లు లోపలి ద్రవమైన ఎలక్ట్రోలైటులో కలుస్తుంది. మళ్లీ ఛార్జ్ పెట్టగానే ఆ రాగి తిరిగి లోహంగా మారి, పేరుకోకూడని చోట పేరుకుంటుంది. ఆ పేరుకున్నది సెపరేటరును దాటి అవతలి వైపు తగిలితే లోపలే షార్ట్. బయట ప్రొటెక్షన్ బోర్డు ఎంత బాగున్నా దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ కరెంటు బోర్డు గుండా పోదు.

షాపుకొచ్చే జనం, మా బామ్మర్ది కూడా, ఉబ్బిన బ్యాటరీని చూసి భయపడతారు. భయపడాల్సిందే. అయితే ఉబ్బినది కనీసం కంటికి కనిపిస్తుంది. సున్నాకు పోయి, బూస్ట్‌తో లేపి, చదునుగా, శుభ్రంగా, కొత్త స్టిక్కరుతో ఉన్నది కనిపించదు. నా దృష్టిలో ఈ షాపులో ఎక్కువ ప్రమాదం ఆ రెండోదే. డ్రాయరు సర్దడం కంటే ఆ బూస్ట్ అలవాటు మానిపించడమే ఈ ప్రాజెక్టులో పెద్ద పని అని ఇవాళే అర్థమైంది.

లోపలి లోపం బయటికి కనిపించదనడానికి 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 సంగతి గుర్తు చేశాను. ఆగస్టులో ఫోన్ వచ్చింది, సెప్టెంబరులో వెనక్కి తీసుకోవడం మొదలైంది, బ్యాటరీ మార్చి ఇచ్చినవీ కాలడంతో అక్టోబరుకల్లా మోడలే ఆపేశారు. 2017 జనవరిలో కంపెనీ చెప్పిన కారణాలు చూడండి. ఒక సరఫరాదారు సెల్లులో మూల దగ్గర నెగటివ్ ఎలక్ట్రోడు వంగి ఉంది. ఇంకొకరి దానిలో వెల్డింగ్ దగ్గర లేచిన మొనలు సెపరేటరును దాటాయి. ఫ్యాక్టరీలో పరీక్షలన్నీ దాటుకుని వచ్చిన సరుకది. బల్ల మీద బూస్ట్ ఇచ్చినదానికి ఏ పరీక్ష ఉంది?

మధ్యలో ఒక సాయంత్రం: రబ్బరు బ్యాండు వేసిన ఫోన్

ఆదివారం కాదు, పనిమీద అటు వెళ్లి షాపు దగ్గర ఆగాను. ఒక పెద్దాయన ఫోన్ ఇచ్చాడు. వెనక మూత ఒకవైపు లేచి ఉంది, ఊడిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేసి బిగించాడు. డిస్‌ప్లే కూడా ఒక మూల పైకి వచ్చి, అంచున సన్నగా వెలుతురు కనిపిస్తోంది.

"ఫోన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది నాయనా. మూతే ఊడొస్తోంది. కాస్త గమ్ము పెట్టి అతికించు."

మా వాడు మామూలుగా అయితే మూత వేళ్లతో నొక్కి చూసేవాడే. నావైపు చూసి ఆగాడు. "పెద్దయ్యా, మూత ఊడట్లేదు, లోపల బ్యాటరీ ఉబ్బి తోస్తోంది. గమ్ము పెడితే అది పోవడానికి చోటుండదు" అని వాడే చెప్పాడు. ఫోన్ ఎక్కడ పెడతారని అడిగితే, కిటికీ పక్క స్టాండులో, ఛార్జరు తగిలించే ఉంటుంది, పొద్దస్తమానం భక్తి పాటలు మోగుతూనే ఉంటాయి అన్నాడు. ఎండ, నూటికి నూరు ఛార్జ్, రెండూ కలిసి ఉండటం బ్యాటరీకి పనికిరాదు. ఆ స్థితిలో ఎలక్ట్రోలైటు కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. కార్బన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్, ఎథిలీన్ లాంటివి. వాటికి బయటికి దారి లేక పౌచ్ ఉబ్బుతుంది.

తీసిన పద్ధతి వివరంగా రాసి పెడుతున్నాను, ఇక మీదట ఇదే షాపు పద్ధతి.

ముందు రబ్బరు బ్యాండ్లు మెల్లగా కోసి తీశాం. లాగి తీస్తే మూత మీద దెబ్బ పడుతుంది. ఫోన్‌లో ఛార్జ్ బాగా ఉంది, కాబట్టి టార్చి వెలిగించి బయట నాపరాయి మీద పెట్టి, 20 శాతం లోపుకు దిగేదాకా ఆగాం. ఆలోపు పెద్దాయనకు టీ చెప్పాం. ఛార్జ్ ఎంత తక్కువ ఉంటే పొరపాటున ఏదైనా జరిగినా మంట తీవ్రత అంత తగ్గుతుంది. తర్వాత స్విచ్చాఫ్ చేసి, వెనక మూత తీసి, మొట్టమొదట బ్యాటరీ కనెక్టరును ప్లాస్టిక్ ఓపెనరుతో ఊడదీశాడు. మామూలుగా జిగురు మెత్తబడటానికి హీట్ గన్ వాడతారు. ఉబ్బినదానికి వేడి తగలనివ్వలేదు. సిరంజితో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చుక్కలు బ్యాటరీ అంచుల వెంట వేసి, జిగురులోకి దిగేదాకా ఆగి, పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ కార్డును కిందకి పోనిచ్చాడు. కార్డు పోనిచ్చేటప్పుడు కార్డే వంగాలి, బ్యాటరీ వంగకూడదు. ఇనుప బ్లేడు ముట్టుకోలేదు. కళ్లద్దాలు పెట్టించాను, షట్టరు పూర్తిగా ఎత్తించాను, ఫ్యాను గాలి మా వెనక నుంచి బయటికి పోయేలా తిప్పాను.

బ్యాటరీ లేచాక ముక్కుకు కొద్దిగా వాసన తగిలింది, గోళ్లరంగు చెరిపే మందులాగా తియ్యగా. అంటే ఎక్కడో సీలు వదిలింది. ఆ వాసన వస్తే దగ్గరికి వంగి చూడటాలు ఉండకూడదు. ఎలక్ట్రోలైటులోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడు పుడుతుంది, అది ఊపిరితిత్తులకూ చర్మానికీ మంచిది కాదు. చేతికి నైట్రైల్ గ్లౌజు ఉంది కాబట్టి అలాగే చదునుగా ఎత్తి బయట ఇసుకలో పెట్టాడు. సూది గుచ్చి గాలి తీస్తే చదునవుతుందని వీడియోల్లో చూపిస్తారట. ఆ వీడియోలు చూసి ఆ పని చేసేవాళ్లు ఉన్నారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు గానీ, ఉన్నారని బామ్మర్ది అన్నాడు.

కొత్త బ్యాటరీ వేసిచ్చాక పెద్దాయన అడిగిన ప్రశ్నలు షాపుకొచ్చే అందరూ అడిగేవే. రాత్రంతా ఛార్జింగ్ పెట్టొచ్చా? ఫోన్ నిండగానే లోపలి సర్క్యూటు ఛార్జ్ ఆపుతుంది, దానికి ఫర్వాలేదు. దిండు కిందో దుప్పట్లోనో పెట్టి పడుకోవడమే పనికిరాదు, వేడి పోయే దారి ఉండదు. పూర్తిగా జీరో అయ్యాకే ఛార్జ్ పెట్టాలా? అది పాత నికెల్-కాడ్మియం కాలం నాటి మాట, లిథియానికి తిరగబడుతుంది. 20, 80 మధ్య తిప్పితే ఎక్కువ కాలం వస్తుంది, కానీ శాతాలు చూసుకుంటూ కూర్చోవడమూ అక్కర్లేదు. పొద్దంతా ఛార్జరుకు తగిలించి ఎండలో పెట్టొద్దని ఆయనకు రెండుసార్లు చెప్పాం. "మరి పాటలో?" అన్నాడు. పాత ఎఫ్ఎం రేడియో ఒకటి ఉంటే ఇచ్చి పంపాడు మా వాడు.

డబ్బా పని

పారేసేవాటికి చోటు. పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా ఒకటి సంపాదించి పైభాగం కోయించాం, అంచులు మడతపెట్టించాం. ఇసుక ఎండలో పూర్తిగా ఆరబెట్టి పోశాం. అడుగున ఒక పొర ఇసుక, దాని మీద బ్యాటరీలు ఒకదానికొకటి తగలకుండా, మళ్లీ ఇసుక. పైన మూత బిగించలేదు, నాపరాయి పలక ఊరికే కప్పాం. గట్టిగా మూసిన ఇనుప డబ్బాలో వాయువు పుడితే ఆ డబ్బానే పేలుతుంది. డబ్బా చోటు షాపు వెనక నీడలో, వాన పడని చోట, గ్యాస్ సిలిండరుకూ అట్టపెట్టెలకూ దూరంగా.

అంటుకుంటే ఏం చేయాలన్నదాని మీద వాడికీ నాకూ కాసేపు వాదన నడిచింది. కరెంటు వస్తువుకు నీళ్లు పోయకూడదని వాడి పట్టు. గోడ ప్లగ్గులో ఉన్నదానికి అది నిజమే, ముందు స్విచ్చు ఆపాలి. విడిగా ఉన్న ఫోన్ బ్యాటరీకి మాత్రం నీళ్లే మందు, అదీ దండిగా. ఇందులో అసలు సమస్య వేడి. సెల్లులో వేడి ఒక స్థాయి దాటితే తనంతట తనే పెరుగుతూ పోతుంది, కోబాల్ట్ ఆక్సైడు నుంచి ఆక్సిజన్ కూడా విడుదలవుతుంది, కాబట్టి కప్పేసినంత మాత్రాన ఆరదు. ఇసుక మంట పాకకుండా ఆపుతుంది, చల్లార్చదు. నీళ్లు చల్లారుస్తాయి. ఆరినట్టు కనిపించి మళ్లీ అంటుకోవడం మామూలే, అందుకే నీళ్లు ఆపేయకూడదు. బల్ల పక్కన ఇప్పుడు రెండు బకెట్లున్నాయి, ఒకటి నీళ్లది, ఒకటి ఇసుకది. మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు కూడా కొన్నాం, అది చుట్టుపక్కల అంటుకున్న చెక్కకూ కాగితాలకూ. పొగ కమ్మేస్తే మాత్రం ఏ బకెట్టూ పట్టుకోకుండా బయటికి పరిగెత్తడమే.

ఒక లెక్క కాగితం మీద వేసి బల్ల ముందు అంటించాను. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 3.85 వోల్టులు, అంటే 19 వాట్ అవర్లకు కొంచెం పైన, సుమారు 69 కిలోజౌళ్లు. అరచేతిలో పట్టే వస్తువులో దాచిన విద్యుత్తే అంత. ఎలక్ట్రోలైటు మండితే వచ్చే వేడి దీనికి అదనం.

ఈ లెక్క ఇంకో పనికీ వచ్చింది. అమెరికాలో కొడుకు దగ్గరికి పోతున్నావిడ పవర్ బ్యాంకు తీసుకెళ్లొచ్చా అని అడిగింది. విమానంలో 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో లెక్కేస్తే 74 వస్తుంది. "చేతి సంచిలో పెట్టుకోండి అక్కా" అని మా వాడు ధైర్యంగా చెప్పగలిగాడు.

నడివేసవి: మూడో పిన్ను

ఎండాకాలం వార్తల్లో ఏటా వినిపించే రెంటచింతల మా పల్నాడు జిల్లాలోదే. మధ్యాహ్నం రేకుల కింద డ్రాయరులో థర్మామీటరు పెడితే 43 డిగ్రీలు. లిథియం సెల్లును ఛార్జ్ చేయడానికి సాధారణంగా పెట్టే పైహద్దు 45. అంటే ఆ షాపులో మధ్యాహ్నం పూట ఛార్జింగ్ పెట్టడమంటే గీత మీద నిలబడటమే. బాగున్న బ్యాటరీలన్నీ 3.8 వోల్టుల దగ్గర, అంటే సుమారు సగం ఛార్జ్‌తో, ఇంటికి తరలించాం. ఇనుప పెట్టెలో పాత టైల్స్ ముక్కలు గదుల్లా నిలబెట్టి ఒక్కో గదిలో ఒక్కోటి. షాపులో ఛార్జింగ్ పరీక్షలు పొద్దున పూటే.

వేడి సంగతి వచ్చింది కాబట్టి కొత్త స్టాకు మీదికి దృష్టి పోయింది. ఫోన్‌కు బ్యాటరీ వేడి ఎలా తెలుస్తుంది? ప్యాకులో థర్మిస్టరు అనే చిన్న భాగం ఉంటుంది, వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు తగ్గుతుంది. అది చూసే ఫోన్ ఛార్జింగ్ తగ్గిస్తుంది, ఆపేస్తుంది. కొన్ని డూప్లికేట్లలో దాని బదులు మామూలు రెసిస్టరు పెట్టేస్తారు. అప్పుడు బ్యాటరీ కాలిపోతున్నా ఫోన్‌కు అది 25 డిగ్రీల చల్లటి బ్యాటరీయే.

దీన్ని పట్టుకోవడం తేలిక. మీటరు ఓమ్స్‌లో పెట్టి ప్లస్సు, మైనస్సు కాక ఉండే మూడో పిన్నుకూ, అంటే థర్మిస్టరు పిన్నుకూ, మైనస్సుకూ మధ్య చూడాలి. గది వేడిలో చాలావాటికి 10 కిలో ఓమ్స్ ప్రాంతంలో వస్తుంది. బోర్డు ఉన్న అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఆగితే అంకె మెల్లగా దిగాలి. మా షాపు ఎండలో ఒళ్లూ గదీ ఒకటే వేడిగా ఉన్నాయి, కాబట్టి పొద్దున్నే చేశాం, ఇంకా ఖాయంగా ఉండటానికి ప్లాస్టిక్ కవరులో చుట్టిన చల్లటి నీళ్ల సీసా ఆనించాం. చల్లబడితే అంకె పెరగాలి. హోల్‌సేల్‌లో తెచ్చిన ఒక రకం బ్యాటరీల్లో అంకె అటూ ఇటూ కదల్లేదు. మా వాడి మొహం మాడిపోయింది, ఒరిజినల్ రేటు పెట్టి కొన్నాడు మరి.

ఒక జాగ్రత్త. బీఎల్-5సీకి కూడా మధ్యలో మూడో కాంటాక్టు ఉంటుంది గానీ అది బ్యాటరీ ఏ రకమో ఫోన్‌కు చెప్పే రెసిస్టరు. అది కదలకపోతే డూప్లికేటు అనుకోవద్దు.

లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణం నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో వస్తుంది. స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు, అందుకే నంబరు కొట్టి చూడటం. ఇక మీదట స్టాకు దిగగానే ముందు ఇది, తర్వాత మూడో పిన్ను, ఆ తర్వాతే డబ్బు.

దీపాలు

ఉంచుకున్న కీప్యాడ్ బ్యాటరీల్లో మంచివి ఏవో తేల్చడానికి 10 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టరు పెట్టి దించాం. కరెంటు 0.4 ఆంపియర్ల ప్రాంతంలోనే, రెసిస్టరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది కాబట్టి టైలు మీద. 1020 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 3 వోల్టులకు దిగడానికి రెండున్నర గంటలు దాటితే బాగున్నట్టే. గంటకే పడిపోయినవి, మధ్యలో వెచ్చబడినవి ఇసుకలోకి పోయాయి.

మిగిలినవాటితో కరెంటు పోయినప్పటికి చిన్న ఎల్ఈడీ దీపాలు చేస్తున్నాం. ఛార్జింగ్‌కు టీపీ4056 బోర్డు, ప్రొటెక్షన్ ఐసీ ఉన్న రకమే. ఇది 4.2 దగ్గర ఆపుతుంది, మొదట వోల్టేజీ తక్కువ ఉంటే చిన్న కరెంటుతో మొదలుపెడుతుంది. బోర్డు వచ్చినప్పుడు అందులో 1.2 కిలో ఓమ్స్ రెసిస్టరు ఉంటుంది, ఒక ఆంపియరు ఇస్తుంది. వెయ్యి ఎంఏహెచ్ ముసలి బ్యాటరీకి అది ఎక్కువ. దాన్ని తీసి 3 కిలో ఓమ్స్ పెడితే 400 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. వైర్లు తిన్నగా బ్యాటరీ కాంటాక్టుల మీద సోల్డరింగ్ చేయొద్దన్నాను, ఆ వేడి సెల్లుకు పోతుంది. పాత ఫోన్ల నుంచి తీసిన స్ప్రింగు కాంటాక్టులు వాడాం.

రెండు కలిపితే రెండింతల సేపు వెలుగుతుంది కదా అని వాడి ఆశ. వయసులు వేరు, వోల్టేజీలు వేరు ఉన్నవాటిని ప్యారలల్ కలిపితే ఒకదాని నుంచి ఇంకోదానిలోకి ఒక్కసారిగా కరెంటు దూకుతుంది. దీపానికి ఒక్కటే బ్యాటరీ, అంతే. ఎక్కువ వెలుగు కావాలంటే ఇన్వర్టరు కొనమను, నాకూ గిరాకీ ఉంటుంది.

ఇప్పటికి ఇంతవరకు

డబ్బా నిండింది. ఇనప సామాన్లవాడు తూకానికి అడిగాడు, ఇవ్వలేదు. వాడు వాటిని సుత్తితో కొట్టి రాగి, అల్యూమినియం తీయబోతాడు, అది వాడికే ప్రమాదం. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే బండి నొక్కినప్పుడు అంటుకుంటాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. లేబుల్ మీద కొట్టేసిన చెత్తడబ్బా బొమ్మ ఉండేది అందుకే. విజయవాడలో కొన్ని బ్రాండ్ల సర్వీసు సెంటర్లు వాళ్ల బ్యాటరీలు తీసుకున్నాయి. మిగిలినవి అధీకృత రీసైక్లరుకు పంపాలి, విడి బ్యాటరీలు కొరియర్‌లో వేయకూడదు కాబట్టి ఎవరైనా బండిలో వెళ్లినప్పుడే కుదురుతుంది.

బూస్ట్ సంగతి. మొన్న ఒకతను చచ్చిన బ్యాటరీ తెచ్చి, పక్క షాపులో యాభైకి లేపిస్తామన్నారు అన్నాడు. మా వాడు మీటరు పెట్టి 1.4 చూపించి, "అన్నా, లేపడం నాకూ వచ్చు, లేపను" అన్నాడు. అతను పక్క షాపుకే వెళ్లాడు. బామ్మర్దికి యాభై పోయిందని బాధ ఉంది, నాకు ఆ పక్క షాపు కూడా మా షాపు గోడను ఆనుకునే ఉందని దిగులు ఉంది. ఆ షాపాయనతో కూడా మాట్లాడాలి, బొమ్మ గీసిన కాగితం దాచి ఉంచాను.

వచ్చే ఆదివారం ఎగ్జాస్ట్ ఫ్యాను బిగింపు. హోల్‌సేలరు మార్చి పంపుతానన్న బ్యాటరీలు ఆలోపు వస్తే చల్లటి నీళ్ల సీసా పరీక్ష కూడా.